ఆదివారం తర్వాత ఆరు రోజులు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో క్రైస్తవ సిద్ధాంతం గురించి అడిగినవాళ్లు తక్కువ. షిఫ్టులు, ప్రసాదం, షుగరు మాత్రలు, జర్మనీలో నింపాల్సిన ఫారం, వీటి గురించే ఎక్కువమంది అడిగారు. ఒకే సంగతి మీద వచ్చిన ఉత్తరాలను కలిపి ఒక్క ప్రశ్నగా వేశాం.

ప్రశ్న: అయ్యగారికి వందనాలు. మాధాపూర్‌లో ఒక కంపెనీలో సపోర్ట్ ఇంజినీరుగా చేస్తున్నాను. 24 గంటలూ నడిచే టీము, వారాంతపు సెలవు మారుతూ ఉంటుంది. నెలకు రెండు ఆదివారాలైనా డ్యూటీ పడుతోంది. కొన్నాళ్లుగా ఆరాధన ఫోన్లో లైవ్ చూడడంతోనే సరిపోతోంది. ఈ ఉద్యోగం మానేయాలా?
— ఒక సోదరుడు, హైదరాబాద్

మానేయడం సంగతి తర్వాత చూద్దాం. ముందు మీ టీములో రోస్టరు ఏ తేదీన తయారవుతుందో కనుక్కోండి. అడగాల్సిందేదైనా ఆ తేదీకి వారం ముందు అడగాలి. రోస్టరు బయటికొచ్చాక అడిగితే మీకిచ్చే సెలవు ఇంకొకరి సెలవులోంచే తియ్యాలి. గొడవలు మొదలయ్యేది అక్కడే.

రెండోది, సరిగ్గా ఏం అడగాలో తేల్చుకోండి. "ఆదివారాలన్నీ కావాలి" అంటే ఏ మేనేజరూ ఒప్పుకోడు. మీకు కావాల్సింది ఆదివారం ఉదయం. మధ్యాహ్నం రెండింటికి మొదలయ్యే షిఫ్టుతో ఆరాధనకు అడ్డేమీ లేదు. ఆదివారాన్ని పాడుచేసేది నిజానికి శనివారం రాత్రి షిఫ్టు. తెల్లవారి ఆరింటికి దిగి, తొమ్మిదింటి ఆరాధనలో కూర్చుంటే వాక్యం మధ్యలో తల వాలిపోతుంది. అందుకని మీరు అడగాల్సింది శనివారం రాత్రి సెలవు. అదీ దొరకని వారం డ్యూటీ దిగి నేరుగా తెల్లవారి ఆరాధనకు వెళ్లి, ఆ తర్వాత ఇంటికొచ్చి పడుకోండి. నగరంలో పెద్ద సంఘాలు చాలావరకు పొద్దున్నే ఒక ఆరాధన పెడతాయి. పడుకుని లేచి వెళదాం అనుకున్నవాళ్లు సాధారణంగా లేవరు.

మూడోది, బదులుగా ఏమిస్తారో మీరే ముందు చెప్పండి. దసరా, దీపావళి, సంక్రాంతి రాత్రులు చేయడానికి టీములో ఎవరూ దొరకరు. "ఆదివారం పొద్దున నాకు ఆరాధన ఉంటుంది సార్, బదులుగా దీపావళి రాత్రి నేను చేస్తాను" అన్నవాడి మాట చెల్లుతుంది. "మా మతం ఒప్పుకోదు" అన్నవాడి మీద చిరాకు మిగులుతుంది. అలా తెచ్చుకున్న ఆదివారం మాల్‌లో కనిపిస్తే, వచ్చే నెల మీ మాటకు విలువుండదు. ఉండకూడదు కూడా.

ఇంత చేసినా నెలకు ఒకటి రెండు ఆదివారాలు పోవచ్చు. మన సంఘాలు చాలావాటిలో మొదటి ఆదివారం ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షారసం పంచుకోవడం) ఉంటుంది. ఫోను మీకు వాక్యాన్ని అందిస్తుంది గాని బల్ల దగ్గరికి తీసుకెళ్లలేదు. కాబట్టి ఏ ఆదివారం పోయినా ఆ ఒక్కటీ పోకుండా ముందు దాన్ని ఖాయం చేసుకోండి.

లైవ్ తప్పేమీ కాదు, చూసే పద్ధతి ముఖ్యం. ఆరాధన జరిగే వేళకే, లేచి కూర్చుని, పాటల్లో గొంతు కలిపి చూడండి. మంచం మీద పడుకుని వేగం పెంచి ప్రసంగం మాత్రమే వినడం మొదలైతే, నాలుగైదు వారాల్లో అదీ పోతుంది. మీరు రాలేదని అక్కడ ఎవరికీ తెలియకపోవడమే దానికి కారణం. అందుకే మీ గృహకూడిక పెద్దకు మీ రోస్టరు పంపించి, "నేను రావాల్సిన వారం కనిపించకపోతే ఫోన్ చెయ్యండన్నా" అని చెప్పిపెట్టండి. ఆదివారం పోయిన వారం బుధవారం బైబిలు స్టడీకో, శుక్రవారం ఉపవాస కూడికకో వెళ్లండి.

ఆదివారం అసలు సెలవుదినం అయింది 321లో, కాన్‌స్టంటైన్ చక్రవర్తి ఆజ్ఞతో. అంతకు దాదాపు రెండు వందల ఏళ్ల ముందు రోమా సామ్రాజ్యంలోని బితూనియ గవర్నరు ప్లినీ అప్పటి చక్రవర్తికి రాసిన ఉత్తరంలో, క్రైస్తవులు ఒక నియమిత దినాన తెల్లవారకముందే కూడుకుని క్రీస్తును స్తుతిస్తూ పాడుతున్నారని ఉంది. వాళ్లలో బానిసలున్నారు. వాళ్లకు వారాంతపు సెలవన్నదే లేదు.

ప్రశ్న: ఆఫీసులో ఆయుధపూజనాడు సిస్టములకు బొట్లు పెట్టి అందరికీ ప్రసాదం పంచుతారు. అపార్టుమెంటులో వినాయక చవితికి చందా అడుగుతారు. తీసుకుంటే మనస్సాక్షి ఒప్పుకోదు, వద్దంటే మంచివాళ్లను నొప్పించినట్టవుతుంది. ఏం చెయ్యను?
— ఒక సోదరి, విశాఖపట్నం

కొరింథులో సరిగ్గా ఈ చిక్కే వచ్చింది. పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 8 నుంచి 10 అధ్యాయాల వరకు, విగ్రహాలకు అర్పించిన ఆహారం గురించే రాశాడు. కటికవాని అంగడిలో అమ్మేది ఆరా తీయకుండా తినమన్నాడు. అవిశ్వాసి భోజనానికి పిలిస్తే పెట్టింది తినమన్నాడు. కాని ఎవరైనా "ఇది అర్పించినది" అని చెబితే మాత్రం, అలా చెప్పినవాని నిమిత్తం తినొద్దన్నాడు. విగ్రహం వట్టిదని ముందే చెప్పాడు కాబట్టి పదార్థంలో ఏదో అంటుకుంటుందన్న భయం అతనికి లేదు. ఎదుటివాళ్లు దాన్ని ఏమని ఇస్తున్నారు, మీరు ఏమని తీసుకుంటున్నారు అన్నదే అతని ప్రశ్న.

సంఘాల్లో దీని మీద ఏకాభిప్రాయం లేదు. పెంతెకొస్తు, బ్రదరన్ సంఘాలవాళ్లు చాలామంది ముట్టరు. పక్కింటామె ప్రేమతో ఇచ్చింది అన్నంగా తీసుకోవచ్చనేవాళ్లూ ఉన్నారు. మా అభిప్రాయం ఇది. పక్కింటివాళ్లిచ్చే దీపావళి మిఠాయి డబ్బా, పండగ భోజనం నిస్సంకోచంగా తీసుకోండి. ప్రసాదమని పేరు చెప్పి చేతిలో పెట్టేదాన్ని మర్యాదగా వద్దనండి. హారతి కళ్లకద్దుకోవడం, పూజలో నిలబడి దండం పెట్టడం తిండికి సంబంధించిన విషయం కాదు, ఆరాధనకు సంబంధించినది. అక్కడ మొహమాటం పనికిరాదు.

వద్దనడంలో పద్ధతుంది. పూజకు రెండు మూడు రోజుల ముందే టీము లీడుతో "పూజ వేళకు నేనుండను, తర్వాత భోజనానికి అందరితో కూర్చుంటాను" అనండి. ఆ భోజనాలు ఆర్డరు చేసే పని మీరే మీదేసుకుంటే ఇంకా మంచిది. ప్రసాదం ముందుకొచ్చినప్పుడు నమస్కారం పెట్టి, "ఏమనుకోకండి, నేను తీసుకోను. పండగ శుభాకాంక్షలు" అనండి, అక్కడే ఓ ఐదు నిమిషాలు నిలబడి మాట్లాడండి. వద్దని విసురుగా వెళ్లిపోవడమే జనానికి గుచ్చుకుంటుంది. అన్నిటికంటే చెడ్డపని, మొహమాటానికి తీసుకుని చెత్తబుట్టలో వెయ్యడం. అది తప్పకుండా ఎవరో ఒకరి కంటపడుతుంది, ఆ నొప్పి ఏళ్లతరబడి మిగులుతుంది. విగ్రహాల మీద ప్రసంగానికి అది వేళా కాదు, చోటూ కాదు. మీ మానిటరుకు ఎవరైనా బొట్టు పెడితే ఉండనివ్వండి. ఉద్యోగరీత్యా రాజుతో కలిసి రిమ్మోను దేవత గుడిలో వంగాల్సి వస్తుందని సిరియా సేనాధిపతి నయమాను చెప్పుకున్నప్పుడు ప్రవక్త ఎలీషా అతన్ని తిట్టలేదు, నెమ్మదిగా వెళ్లమన్నాడు (2 రాజులు 5).

చందా విషయంలో పూజ ఖర్చు, పిల్లల పోటీలు, లైటింగు వేర్వేరుగా ఉంటాయి. "పిల్లల బహుమతులకు నా పేరున రాసుకోండి" అంటే కమిటీవాళ్లు దాదాపు ఎప్పుడూ కాదనరు. అదే అసోసియేషను డబ్బుతో క్రిస్మస్‌కు నక్షత్రం కట్టించుకుని, చవితికి మాత్రం పైసా ఇవ్వననడం అన్యాయం. మీరు కేకు పంచేటప్పుడు కూడా వద్దనే హక్కు వాళ్లకుంటుంది. శాకాహారుల ఇళ్లకు గుడ్డు లేని కేకు విడిగా చేయించి, డబ్బా మీద ఆ ముక్క రాసి పంపండి.

ఒక్క మినహాయింపు. ఈమధ్యనే విశ్వాసంలోకి వచ్చిన వ్యక్తి మీతో ఉంటే, ఆ పూట మీ స్వేచ్ఛను కాదు, వాళ్ల మనస్సాక్షిని చూడండి. కొరింథీయులకు మొదటి పత్రిక 8వ అధ్యాయమంతా వాళ్ల కోసమే.

ప్రశ్న: ఆఫీసు మెయిల్ కింద వాక్యం పెట్టుకోవచ్చా?
— ఒక యౌవనస్థుడు, బెంగళూరు

వద్దు. ఆ మెయిలు కంపెనీది, మీది కాదు. చాలా కంపెనీలు సంతకం ఎలా ఉండాలో నియమం పెడతాయి. మీ సొంత వాట్సాప్ స్టేటస్ మీ ఇష్టం. 1 పేతురు 3:15 అడిగినవాళ్లకు సాత్వికంతో జవాబు చెప్పడానికి సిద్ధంగా ఉండమంటుంది. ఎవరైనా అడిగేలా ఉండాలంటే మెయిలు కింద వాక్యం కంటే, మెయిల్లో ఇచ్చిన మాట ప్రకారం పని పూర్తిచెయ్యడం ఎక్కువ ఉపయోగపడుతుంది.

ప్రశ్న: ఈస్టరుకు ముందొచ్చే శ్రమదినాల్లో ఏటా ఒంటిపూట ఉపవాసం ఉంటాను. ఈ ఏడాది షుగరు బయటపడింది. గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్ వాడుతున్నాను. ఉపవాసం రోజున ఆఫీసులో కళ్లు తిరుగుతున్నాయి. మానేస్తే విశ్వాసం తగ్గినట్టా?
— ఒక సోదరుడు, గుంటూరు

తగ్గినట్టు కాదు. ముందు శరీరం సంగతి చూద్దాం. మీరు తిన్నా తినకపోయినా గ్లిమిపిరైడ్ ఇన్సులిన్ విడుదలయ్యేలా చేస్తుంది. మాత్ర వేసుకుని కడుపు మాడ్చుకుంటే చక్కెర పడిపోతుంది, కళ్లు తిరిగేది అందుకే కావచ్చు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్లకు ఈ ప్రమాదం తక్కువ, ఇన్సులిన్ తీసుకునేవాళ్లకు ఎక్కువ. కాబట్టి శ్రమదినాలు మొదలవడానికి రెండు వారాల ముందే డాక్టరు గారిని కలిసి, ఏ రోజుల్లో ఎలా ఉండదలిచారో చెప్పండి. మోతాదు, వేళ మార్చాలా, అసలు ఉపవాసమే వద్దా అన్నది ఆయన చెప్పాలి. మీ అంతట మీరు మాత్ర ఆపకండి.

చెమటలు పట్టినా, చేతులు వణికినా, గాబరాగా ఉన్నా వెంటనే గ్లూకోమీటరుతో చూసుకోండి. 70 కంటే తక్కువుంటే ఉపవాసం ముగిసినట్టే. మూడు చెంచాల గ్లూకోజు పొడి గాని చక్కెర గాని నీళ్లలో కలుపుకుని తాగి, 15 నిమిషాలాగి మళ్లీ చూడండి. ఇంకా తక్కువే ఉంటే మళ్లీ అంతే తాగాలి. కోలుకున్నాక ఏదైనా తినండి. ఆ స్థితిలో బండి నడపొద్దు. మీటరు దగ్గర లేకపోతే లక్షణాలు చూసే చక్కెర తాగెయ్యండి.

ఇక నియమం సంగతి. ఈ విషయంలో కట్టుబాటు ఎక్కువనుకునే కతోలిక సంఘంలో కూడా ఉపవాసం విధి అయ్యేది విభూది బుధవారం, శుభ శుక్రవారం, రెండే రోజులు. ఒక పూర్తి భోజనం, రెండు పూటలు కలిపినా భోజనం కానంత చిన్న ఆహారం. అదీ 18 నుంచి 59 ఏళ్లవాళ్లకు. జబ్బుపడినవాళ్లకు మినహాయింపు ఉంది. ప్రొటెస్టంటు సంఘాల్లో ఇలాంటి రాతపూర్వక విధి పెద్దగా లేదు. లేకపోవడం వల్ల ఎవరికి వాళ్లు పెట్టుకునే నియమం ఇంకా కఠినంగా తయారవుతోంది. శ్రమదినాలు విభూది బుధవారం నుంచి ఈస్టరు ముందు శనివారం దాకా 46 రోజులు, అందులో ఆరు ఆదివారాలు తీసేస్తే 40. ఆదివారం పునరుత్థాన దినం, ఆ రోజు ఉపవాసం లేదు. ఏకబిగిన ఉండాలన్నది తర్వాత కలిపిన మాట.

భోజనం మానలేనివాళ్లు మాంసం మానొచ్చు, రాత్రి తొమ్మిది తర్వాత ఫోను మానొచ్చు. కాఫీ మానదలిస్తే వారం ముందు నుంచి నాలుగు కప్పులను రెండు, తర్వాత ఒకటి చేసుకుంటూ రండి. ఒక్కసారిగా ఆపితే 12 నుంచి 24 గంటల్లో తలనొప్పి మొదలవుతుంది, ఆ చిరాకు ఇంట్లోవాళ్ల మీద పడుతుంది. మిగిలిన డబ్బు విడిగా తీసిపెట్టి ఆకలిగొన్నవాళ్లకు ఇవ్వండి. యెషయా 58 ఉపవాసమంటే అదేనంటుంది. ఆఫీసులో "ఇవాళ తినట్లేదు" అంటే చాలు. కారణం వివరిస్తే మత్తయి 6లో ప్రభువు వద్దన్నదే మనం చేసినట్టవుతుంది.

శుభ శుక్రవారం పన్నెండు నుంచి మూడింటిదాకా, సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటల ఆరాధనలో మీరు తినకుండా కూర్చోవద్దు. ముందే తిని, జేబులో గ్లూకోజు పెట్టుకుని వెళ్లండి. అమెరికా క్లయింట్లతో పనిచేసేవాళ్లకు ఇంకో మాట: అక్కడ ఆ రోజు ఫెడరల్ సెలవు కాదు. మీ సెలవు నెల ముందే పెట్టుకోండి.

ప్రశ్న: తొమ్మిదో తరగతి, ఆరో తరగతి చదివే పిల్లలున్నారు. కుటుంబ ప్రార్థనకు పిలిస్తే ఫోను వదిలి రారు, వచ్చినా ఆవులిస్తారు.
— ఒక తల్లి, ఖమ్మం

ఎన్నింటికి పిలుస్తున్నారు? భోజనాలయ్యాక తొమ్మిదిన్నరకైతే పెద్దవాళ్లకూ ఆవులింతలే వస్తాయి. భోజనానికి ముందుకు జరపండి. పదిహేను నిమిషాలు దాటనివ్వకండి. పల్లవి, రెండు చరణాలు పాడి, వాక్యం చదివి, ఒక్క ప్రశ్న వేసి, తలో వాక్యం ప్రార్థన చెయ్యండి. వారానికి ఐదు రోజులు చాలు. కొత్త నిబంధనలో 260 అధ్యాయాలున్నాయి, వారానికి ఐదు చొప్పున సరిగ్గా 52 వారాలు. మార్కుతో మొదలుపెట్టండి. పదహారు అధ్యాయాలే, కథనం పరుగెడుతుంది.

ఇంగ్లీషు మీడియం పిల్లలకు మన పాత బైబిలు గ్రాంథికం కష్టం. ఒకరు తెలుగులో, ఒకరు తేలిక భాషలో ఉన్న అనువాదంలో చదవొచ్చు. అచ్చు పుస్తకాలు వాడండి, ఫోన్లన్నీ పక్క గదిలో పెట్టండి. నాన్న ఫోను కూడా.

కుటుంబ ప్రార్థన చెడిపోయేది ఎక్కువగా పెద్దవాళ్ల వల్లే. పిల్లవాడి మార్కులను ప్రార్థనలోకి తెచ్చి "ప్రభువా, వీడికి బుద్ధి ప్రసాదించు" అంటే అది ప్రార్థన కాదు, కళ్లు మూసుకుని పెట్టే చీవాట్లు. వాడికి ఆ తేడా బాగా తెలుస్తుంది. పరిణామ సిద్ధాంతం గురించో, పక్కింటి స్నేహితుడు నరకానికి వెళ్తాడా అనో అడిగితే నోరు మూయించకండి. "నాకూ సరిగ్గా తెలియదు, కనుక్కుందాం" అని, ఆ వారమే నిజంగా కనుక్కోండి.

ప్రశ్న: ష్టుట్‌గార్ట్‌లో ఉద్యోగం వచ్చింది. చిరునామా నమోదు ఫారంలో మతం అడుగుతున్నారు. 'ప్రొటెస్టంట్' అని రాస్తే జీతంలో పన్ను కోస్తారంటున్నారు. 'ఏమీ లేదు' అని రాస్తే ప్రభువును ఒప్పుకోనట్టు కాదా?
— ఒక సోదరుడు, నెల్లూరు

ఆ గడి మిమ్మల్ని దేవుణ్ణి నమ్ముతారా అని అడగడం లేదు. చట్టం గుర్తించిన, పన్ను వసూలు చేసే సంఘంలో సభ్యులా అని అడుగుతోంది. ఆ సంఘాల్లో ముఖ్యమైనవి రెండు: రోమన్ కతోలిక, ఎవాంగెలిష్ అనే ప్రాంతీయ ప్రొటెస్టంటు సంఘాలు. పన్ను మీ జీతం మీద కాదు, మీరు కట్టే ఆదాయపు పన్ను మీద. బవేరియా, మీరుండే బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రాల్లో 8 శాతం, మిగతా రాష్ట్రాల్లో 9 శాతం. ఏడాదికి 6,000 యూరోల ఆదాయపు పన్ను పడితే మీకు 480 యూరోలు కోస్తారు. దాన్ని వార్షిక రిటర్నులో చూపించి ఆదాయంలోంచి తగ్గించుకోవచ్చు. ఆదాయపు పన్నే పడని విద్యార్థికి ఇదీ ఉండదు.

మీరు కతోలికులైతే బాప్తిస్మమే సభ్యత్వం, 'లేదు' అని రాయడం అబద్ధమవుతుంది. లూథరన్, సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) వాళ్లు 'ఎవాంగెలిష్' అని రాస్తే అక్కడి ప్రాంతీయ సంఘంలో సభ్యులుగా లెక్కకొస్తారు. అక్కడే ఆరాధించదలిస్తే అలా రాసి పన్ను కట్టడమే న్యాయం. బాప్టిస్టు, పెంతెకొస్తు లాంటి స్వేచ్ఛా సంఘాలవాళ్లు పన్ను వసూలు చెయ్యరు, కానుకల మీదే నడుస్తారు. అలాంటి సంఘానికి చెందినవాళ్లు 'ప్రొటెస్టంటే కదా' అని ఎవాంగెలిష్ గడి నింపితే, తాము ఎన్నడూ అడుగుపెట్టని సంఘానికి పన్ను కడుతూ ఉంటారు. ఎక్కువమంది చేసే పొరపాటు ఇదే. వీళ్లు 'లేదు' అని రాయడంలో విశ్వాసాన్ని దాచినట్టేమీ కాదు.

ఒకసారి నమోదయ్యాక బయటికి రావాలంటే పాస్టరుకు చెబితే చాలదు. ప్రభుత్వ కార్యాలయంలో స్వయంగా ప్రకటించాలి. కట్టిన పన్ను తిరిగిరాదు. కతోలికులైతే ఇంకా ఆలోచించాలి. అలా బయటికొచ్చినవాళ్లకు ప్రభువు భోజనం లాంటి సంస్కారాలు ఉండవని జర్మన్ బిషప్పులు 2012లో ఉత్తర్వు ఇచ్చారు.

ఇంకో చిన్న సంగతి. అక్కడ ఆదివారం దుకాణాలు మూసే ఉంటాయి. రాజ్యాంగంలోనే ఆ రోజుకు రక్షణ ఉంది. కూరగాయలు శనివారమే తెచ్చుకోండి. ఊళ్లో తెలుగువాళ్ల కూడిక ఉంటే వెళ్లండి, కాని దాని మీదే ఆధారపడకండి. రెండు కుటుంబాలు వేరే ఊరికి మారితే అది ఆగిపోతుంది. స్థానిక సంఘంలో భాష సగమే అర్థమైనా మొదటి నెల నుంచే కూర్చోండి.

ప్రశ్న: దశమ భాగం (పదో వంతు కానుక) లెక్కించేది జీతంలో కోతలకు ముందా, తర్వాతా? ఇంటి లోను, కారు లోను కలిపి జీతంలో దాదాపు సగం పోతోంది.
— ఒక సోదరుడు, విజయవాడ

సంఘాలు రెండు రకాలుగానూ బోధిస్తాయి. 2 కొరింథీ 9:7 సణగకుండా, బలవంతం లేకుండా ఇమ్మంటుంది. మా సలహా ఏమిటంటే, చేతికొచ్చే జీతంలో ఒక శాతం ఖాయం చేసుకుని, జీతం పడిన మర్నాడే వెళ్లేలా బ్యాంకులో ఆటో డెబిట్ పెట్టుకోండి. నెలాఖరుకు మిగిలితే ఇద్దామనుకుంటే ఎప్పుడూ మిగలదు. ఇప్పుడు 10 శాతం కుదరకపోతే 4తో మొదలుపెట్టి, కారు లోను తీరిన నెలలో పెంచండి. క్రెడిట్ కార్డు మీద, అప్పు చేసి కానుక వెయ్యొద్దు.

డబ్బు సంఘం పేరున ఉన్న ఖాతాకే పంపండి. పాస్టరు గారి సొంత నంబరుకు పంపేది ఆయనకిచ్చే కానుక, సంఘ కానుక కాదు. రెండింటినీ కలపొద్దు. 80జి అని అందరికీ అలవాటైన పన్ను మినహాయింపు సంఘ కానుకలకు సాధారణంగా వర్తించదు. ఒక మతస్థుల కోసమే నడిచే సంస్థలకు అది ఉండదు. అర్హత ఉన్న సేవాసంస్థకు ఇచ్చినా, 2,000 రూపాయలు దాటిన నగదుకు వర్తించదు, కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకు అసలే లేదు. మినహాయింపు రాకపోయినా రసీదు మాత్రం అడిగి తీసుకోండి. ఏడాది చివర సంఘం లెక్కలు చదివినప్పుడు మీ అంకె సరిపోయిందో లేదో చూసుకోవడానికి అదొక్కటే ఆధారం.